మా కుక్క దురద ఎవరు తగ్గించారు

మా కుక్క దురద మా అత్తగారు తగ్గించారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అత్తగారు పోయారు. అంతకు ముందే కుక్కా పోయింది. ఆ మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్నామధ్య బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ఒకావిడ, నేనెవరో తెలిసి కూడా, నాకే ఆ కథ చెప్పింది. "మీ అత్తగారి చేతి చలవ అలాంటిదండీ" అంది. నేను విస్తరి ముందు చెయ్యి ఆపి అసలు సంగతి చెప్పబోయేసరికి, పులుసు చల్లారిపోతోందని అందరూ తొందరపెట్టారు. నోటితో చెబితే వినేవాళ్లు లేరు కనుక రాస్తున్నాను. ఎవరి పేర్లూ పెట్టను. కుక్క పేరు కూడా రాయను. ఆ పేరు పెట్టింది నేను. తర్వాత్తర్వాత అది అత్తగారు పిలిస్తేనే పలికేది.

నా పుట్టిల్లు నరసాపురం దగ్గర. అత్తవారి ఊరు అదే కాలువ మీద బాగా ఎగువన. అప్పటికి మా వైపు రైలు లేదు. ఎక్కడికి వెళ్లాలన్నా పడవే. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని వంగి నడుస్తుంటే పడవ మెల్లగా ఎదురు నీటిలో కదిలేది. నన్ను కాపురానికి పంపిన రోజున మా కుక్క ఆ తాడు లాగే మనుషుల వెనకే బయల్దేరింది. మా నాన్న పడవలోంచి లేచి నిలబడి కేకలేశారు, మట్టిబెడ్డ విసిరారు. అది ఆగి, ఆ బెడ్డను వాసన చూసి, మళ్లీ నడిచింది. ప్రతి లాకు దగ్గరా తలుపులు మూసి, నీళ్లు నిండి, పడవ పైకి తేలేదాకా గట్టు మీద పడుకుని చూస్తూ ఉండేది. తలుపులు తెరవగానే లేచేది. చివరికి మా నాన్న కూర్చుండిపోయి, "రానీలే, దాని కాళ్లు దానివి" అన్నారు.

అత్తవారి ఊరి రేవులో దిగాం. బిందెలు దింపారు, సారె కావిళ్లు దింపారు. అత్తగారు అన్నీ చూసుకున్నారు. గోధుమ రంగు ఒళ్లు, ఒక చెవి వాలిపోయిన ఆ కుక్క రొప్పుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది.

"సారె బాగానే పంపారు. ఈ కుక్క కూడా అందులోదేనా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్విన వాళ్లెవరో నాకు ఒక్కొక్కరూ గుర్తున్నారు. చుక్కల చీర కట్టుకున్నావిడ అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఆవిడ మా పక్కింటావిడేనని ఇంటికి వెళ్లాక తెలిసింది.

ఆ ఇంట్లో నాతో వచ్చిన వాటిలో ప్రాణం ఉన్నది ఆ కుక్క ఒక్కటే. అందుకని దాన్ని ఎవరేమన్నా నన్ను అన్నట్టే ఉండేది. కొన్నాళ్లకు అత్తగారు ముక్కు మూసుకోవడం మొదలుపెట్టారు. "వాసనేస్తోందే ఇది. మీ వైపు చేపల కంపు ఇంకా వదిలినట్టు లేదు" అన్నారు. మా పుట్టింటివాళ్లు వ్యవసాయదారులు. చేపలు పట్టేవాళ్లు మా ఇరుగుపొరుగు. వాళ్ల వాకిళ్లు మా అత్తవారి వాకిలికన్నా శుభ్రంగా ఉంటాయని అప్పుడే అనవలసింది. కొత్త కోడలిని కదా, అనలేదు. అనడానికి బదులు కుక్కను తీసుకెళ్లి కాలువలో స్నానం చేయించాను. ఇంటికి తెచ్చి ఆవిడ కూర్చున్న చోటికి దగ్గరగా నిలబెట్టాను. మర్నాడు మళ్లీ చేయించాను. ఆ మర్నాడూ. తర్వాత అది ఆ ఇంట్లో వాకిలి ఊడ్చినట్టు నిత్యం చేసే పని అయిపోయింది.

వానాకాలం వెళ్లేసరికి కుక్క గోక్కోవడం మొదలుపెట్టింది.

మొదట చెవి వెనక. తర్వాత పొట్ట కింద, తోక మొదట్లో, మోచేతుల దగ్గర. కూర్చుంటే గోకుడు. నిలబడితే గోడకు రాసుకోవడం. అన్నం పెడితే రెండు ముద్దలు తిని మధ్యలో ఆపి గోక్కుని మళ్లీ తినేది. దాన్ని చూస్తుంటే నాకూ ఎక్కడో ఒకచోట దురద పుట్టేది.

ఊరు ఊరంతా ఒకటే మందు చెప్పింది. మా వైపు నూర్పిళ్లప్పుడు ఒంటినిండా వడ్ల నూగు పట్టి దురదలు పెడతాయి. కళ్లంలోంచి అందరూ తిన్నగా కాలువకు పోతారు. పీకలదాకా మునిగి లేస్తే దురద పోతుంది. పుట్టినప్పటి నుంచీ అదే చూసిన వాళ్లం, దురద అంటే కాలువలో ముంచడమే అనుకున్నాం. నిండుగా నీళ్లు పారే కాలువ ఇంటి ముందు పెట్టుకుని ఇంకో ఆలోచన ఎవరికి వస్తుంది? నేను రెండు పూటలా ముంచాను. కుంకుడు రసంతో రుద్దాను. వేపాకు కాచిన నీళ్లు పోశాను. కొబ్బరినూనెలో గంధకం కలిపి రాశాను, కానుగ నూనె రాశాను. ఏది రాసినా వాసన వస్తుందని అత్తగారు అనేలోపే శుభ్రంగా కడిగేశాను. దురద పెరిగింది. మోచేతుల మీద వెంట్రుకలు ఊడి చర్మం ఏనుగు చర్మంలా తయారైంది.

పక్కింటావిడ గోడ మీంచి చూసి జాలిపడింది. ఆవిడ జాలి ఎలాంటిదో నాకు రేవులోనే తెలిసింది.

"కుంకుడుకాయకి లొంగదు వదినా. చవుడు పెట్టి రుద్దు" అంది.

"చాకళ్లు బట్టలు ఉడకేసే చవుడా?"

"అదే. ఎంత మురికైనా వదులుతుంది."

మురికి వదిలింది. దాంతోపాటు వీపు మీద ఉన్న కాస్త బొచ్చూ వదిలింది. ఆవిడను అడిగితే, "నేను మురికి గురించి చెప్పాను గానీ బొచ్చు గురించి చెప్పలేదుగా" అంది. ఆవిడ ఇంటి నుంచి నేను మజ్జిగ తోడు తీసుకోవడం ఆ రోజు నుంచి మానేశాను. దూరమైనా నాలుగిళ్లు నడిచి తెచ్చుకునేదాన్ని.

ఎండలు ముదురుతుండగా అత్తగారు తీర్పు చెప్పేశారు. భోజనాలయ్యాక, మామగారి ముందు, మా ఆయన ముందు.

"పసిపిల్లలు తిరగబోయే ఇల్లిది. కాలువ కట్టేసేలోపు ఆ గజ్జి తగ్గిందా, ఉంటుంది. లేదా, ఆఖరి పడవకి వాళ్ల నాన్నగారింటికి ఎక్కించేస్తాను. గోదాట్లో పారేస్తానంటం లేదు కదా, దాని ఇంటికి దాన్ని పంపుతున్నాను."

"దాని ఇల్లు ఇదేనండి" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నడిచొచ్చిందండి. ఎవరూ తేలేదు."

మామగారు నవ్వు ఆపుకోవడానికి గ్లాసు ఎత్తి నీళ్లు తాగారు. మా ఆయన గోడకేసి చూశారు. ఇలాంటప్పుడు మా ఆయన గోడకేసి చూడటం ఆ ఇంట్లో నేను రాసిపెట్టుకోకుండానే గుర్తుపెట్టుకున్న విషయాల్లో ఒకటి.

సారెలో పంపినవి వెనక్కి తిప్పి పంపడం అంటే ఏమిటో తెలిసిన వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ గజ్జితో అది పడవలో నరసాపురం దాకా చేరుతుందన్న నమ్మకం నాకు లేదు. ఏ లాకు దగ్గరో దింపేస్తారు. నేను ఇంకా గట్టిగా రుద్దడం మొదలుపెట్టాను.

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేవారు. ఆనకట్ట దగ్గర తలుపులు దించేస్తే కాలువ అంతా ఎండిపోయేది, పడవలు ఆగిపోయేవి. అందుకని ఆఖరి పడవ అంటే తిరునాళ్లలా ఉండేది. ధాన్యం బస్తాలు, బెల్లం కుండలు, పిల్లల తల్లులు, కోళ్ల గంపలు. ఆ సందట్లోకి నేను కుక్కను తాడు కట్టి తీసుకెళ్లాను. అత్తగారు ముందు నడిచారు. పడవ నడిపే సరంగు అంచున నిలబడి మా కుక్కను పైనుంచి కిందికి చూశాడు. అప్పుడే అది కూర్చుని, కళ్లు మూసుకుని, వెనక కాలితో మెడ గోక్కుంటోంది.

"ఇదేటండీ అమ్మగోరూ! దీన్ని ఎక్కిత్తే నరసాపురం ఎల్లేసరికి సుక్కాని వొదిలేసి నేనూ గోక్కుంటా కూకోవాలి."

పడవలో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఎవరో బెల్లం కుండల వెనకనుంచి, "సరంగు గారూ, ఇప్పుడే మొదలెట్టేరండి!" అని అరిచారు. నిజంగానే వాడు మోచెయ్యి గోక్కుంటున్నాడు.

"నాన్నగారింటికి పంపాలయ్యా" అన్నారు అత్తగారు.

"తిరిగి నీళ్లొదిలాక మొదటి పడవ నాదేనండి. అప్పుడు సూద్దారి లెండి. ఈ జనంలో మటుకు కుదరదండి."

పడవ కదిలిపోయింది. కుక్క మిగిలింది. నేను సంతోషించవలసిన మాటే. సంతోషించాను కూడా. కానీ అంతమంది ముందు నా కుక్కను అంత మాట అనడం సరంగు వృత్తికి తగిన పని కాదు. ఆ తర్వాత ఎన్నేళ్లు పుట్టింటికి వెళ్లినా వాడి పడవ ఎక్కలేదు. ఇంకో పడవ కోసం రేవులో పూటంతా కూర్చునేదాన్ని.

"అయితే మొదటి పడవకే" అన్నారు అత్తగారు ఇంటికి వస్తూ.

కాలువ రోజురోజుకీ దిగిపోయింది. రేవులో నేనెప్పుడూ చూడని అడుగు మెట్లు కూడా బయటపడ్డాయి. చివరికి అడుగున పగుళ్లు తీసిన ఒండ్రు మాత్రం మిగిలింది. ఊళ్లో మగవాళ్లు దాన్ని గంపలతో ఎత్తి పొలాలకు తోలుకున్నారు. నూతి నీళ్లు ఉప్పన. మంచినీళ్ల చెరువు దగ్గర కాపలావాడు కర్ర పట్టుకుని కూర్చునేవాడు. మనుషులు తలంటుకోవడమే పండగైపోయిన రోజుల్లో కుక్కకు నీళ్లెక్కడివి? ఒకసారి నా స్నానానికి పెట్టుకున్న బిందె సగం మిగిల్చి దానికి పోయబోతుంటే అత్తగారు పెరట్లోకి వచ్చారు.

"మనుషులకి గొంతు తడుపుకోడానికి లేవు, నువ్వు దాని ఒళ్లు తడుపుతున్నావా?"

"నా నీళ్లేనండి. నేను పోసుకోలేదు."

"ఆ సంగతి వాసనే చెబుతోంది" అని బిందె ఎత్తుకుపోయారు.

నాకు కోపం ఆగలేదు. తిన్నగా మామగారి దగ్గరికి వెళ్లాను. ఏటా మంచి ఎండల్లోనే కాలువ కట్టేయడం ఎంత అన్యాయమో, నీళ్లు అవసరమైనప్పుడే లేకపోతే ఇంత కాలువ తవ్వించి ఏం లాభమో చెప్పి, ధవళేశ్వరం ఆనకట్ట దొరగారికి ఒక అర్జీ రాయమన్నాను. ఆయన సాంతం విన్నారు. చుట్ట తీసి పక్కన పెట్టారు.

"కుక్క స్నానానికి కాలువ వదలమని రాయమంటావా అమ్మాయ్?"

"కుక్క సంగతి రాయకండి. ప్రజలకి ఇబ్బంది అని రాయండి."

"ఎవరా ప్రజలు అని దొరగారు అడిగితే?"

ఆ తర్వాత చాలాకాలం ఆయన నన్ను చూసి, "ప్రజలు భోజనం చేశారా?" అని అడుగుతుండేవారు. సరదాకే అనేవారు. సరదాకన్నవి కూడా నేను మర్చిపోను.

మధ్యాహ్నాలు అత్తగారికి కునుకు తీయడం అలవాటు. కుక్కకు చల్లటి చోటు ఆవిడ మంచం కిందే. అది గోక్కున్నప్పుడల్లా వెనక కాలు నేలకు తగిలి టకటకమనేది. ఆవిడకు నిద్ర పట్టేది కాదు. తరిమితే వెళ్లి వాకిలంతా తిరిగి మళ్లీ మంచం కిందికే వచ్చేది. ఒకరోజు ఆవిడ విసురుగా లేచారు. కర్ర కోసం వెళ్తున్నారనుకుని నేను బియ్యం చేట కింద పెట్టి వెనకాలే వెళ్లాను. ఆవిడ పశువుల పాకలోకి వెళ్లారు. కాడి రాపిడికి మెడ పుండ్లు పడితే ఎద్దులకు రాసే కానుగ నూనె ముంత అక్కడ ఉట్టిలో ఉండేది. దాన్ని తెచ్చి, నేల మీద కూర్చుని, కుక్కను చెవి పట్టి లాక్కుని, చేతినిండా నూనె ముంచి దాని వీపుకు పట్టించారు.

"ఏంటే అలా చూస్తావు? నిద్ర కోసం చేస్తున్నాను, దీని కోసం కాదు."

"నేనేమీ అనలేదండి."

"అనకపోతే వినపడదా నాకు?"

కుక్క మెడ చాచి, కళ్లు సగం మూసి, ఆవిడ మోకాలి మీద గడ్డం పెట్టింది. నేను ఎన్నిసార్లు మందు రాసినా నాకు అలా గడ్డం పెట్టలేదు.

మర్నాడూ రాశారు. నూనె ఒంటి మీదే ఉండిపోయింది, కడగడానికి నీళ్లు లేవు కదా. ఆ నూనె ఒంటితో అది మా ఆయన వెనక ఎండిన కాలువలోకి పోయి ఒండ్రు మట్టిలో దొర్లి వచ్చేది. నల్లగా, అట్టలు కట్టి, చూడటానికి భయంకరంగా ఉండేది. పక్కింటావిడ గోడ మీంచి, "ఇదేంటి, కుక్కని పిడక చేశారా?" అంది. ఆ మాటకు అత్తగారే సమాధానం చెప్పారు. "నీ చవుడు కన్నా నయమే" అన్నారు. ఆ ఒక్క రోజు నేను అత్తగారికి చారులో పోపు ఎక్కువ వేశాను.

ఒక మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తాను. ఏదో తేడాగా ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అత్తగారి గురక వినిపిస్తోంది. టకటక లేదు. చచ్చిపోయిందేమోనని చేట పక్కన పెట్టి పరుగెత్తాను. వంగి మంచం కిందికి చూశాను. కుక్క వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి నిద్రపోతోంది. వెంట్రుకలు ఊడిన చోట సన్నగా, నారుమడిలో మొదటి మొలకల్లా, కొత్త బొచ్చు కనిపిస్తోంది.

"నా నూనె" అన్నారు అత్తగారు నిద్ర లేచి.

"ఇదే నూనె నేను మాఘమాసంలో రాశానండి. అప్పుడు తగ్గలేదు."

"రాశావు, కడిగావు. రాసిన నూనె ఒంటి మీద ఉండనిస్తే కదా."

"మీరు వాసన అన్నారని కడిగానండి. రేవులో నవ్వారని కడిగాను."

"నేనొక మాట అంటే ఏడాదంతా కడుగుతావా?"

కడుగుతాను. మాట అన్నవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

నీళ్లు వదిలారన్న కబురు ముందు వచ్చింది, నీళ్లు వెనక వచ్చాయి. ఎర్రగా, నురగతో, ఎండుపుల్లలూ తాటాకులూ తోసుకుంటూ వస్తుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లారు. కాలువ నిండింది. ఒకరోజు పొద్దున్న ఎగువకు మొదటి పడవ వస్తోందని ఎవరో కేకేశారు.

అత్తగారు ఆ మధ్య పడవ మాట ఎత్తలేదు. ఎత్తలేదంటే మర్చిపోయారని నేను అనుకోను. ఎవరూ ఏదీ మర్చిపోరని నా నమ్మకం. దురద తగ్గింది నిజమే, కానీ ఆవిడ పెట్టిన గడువు దాటాక తగ్గింది. పంపేస్తే పంపేయనీ, కానీ నూనె జిడ్డుతో, కానుగ వాసనతో నా పుట్టింటి గుమ్మం ముందు దిగడానికి వీల్లేదు. అక్కడ నా మాట పోతుంది. నేను కుంకుడుకాయలు నానబెట్టి, రసం పిండి, కుక్కను తీసుకుని రేవుకు వెళ్లాను. నా కళ్లు మండుతున్నాయి. కుంకుడు రసం చిమ్మింది.

దోసిట్లో నురగ తీసి దాని వీపు మీద పెట్టబోతున్నాను. వెనకనుంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

"మళ్లీ మొదలెట్టావా! దాని జోలికి వచ్చావంటే ఊరుకోను చెప్తున్నాను. ఇంత కష్టపడి బొచ్చు మొలిపించింది నువ్వు వదలగొట్టడానికా?"

అత్తగారు. పసుపు పళ్లెం రెండో చేతిలో ఉంది. కుక్క మా ఇద్దరి మధ్యనుంచి తప్పుకుని ఆవిడ చీర వెనక్కి చేరింది. సరిగ్గా అప్పుడే పడవ రేవుకు వచ్చింది. సరంగు అంచున నిలబడి ఉన్నాడు.

"అమ్మగోరూ! ఏదండీ ఆ గజ్జికుక్క? మాటిచ్చాను కదండి. దిగువకి తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాను."

నేను అత్తగారి మొహం చూడలేదు. చేతిలో నురగ కరిగి మెట్ల మీదికి కారిపోతోంది.

"ఏ గజ్జికుక్క?" అన్నారు అత్తగారు. "మా ఇంట్లో గజ్జికుక్క ఎక్కడుంది? కళ్లు కనపడుతున్నాయా నీకు?"

సరంగు వంగి చీర వెనక్కి చూశాడు. "అదేనేటండీ ఇది! నిగనిగలాడిపోతందండి. అయితే నాకిచ్చెయ్యండి. పడవ మీద కాపలాకి ఉంటాది."

"నీ పడవెక్కితే మళ్లీ గజ్జి పడుతుంది. పో, పో, ముందు మోచెయ్యి గోక్కోడం మాను."

రేవంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. అది దాచను.

ఆ తర్వాతే అసలు అన్యాయం మొదలైంది. అత్తగారి చేతి చలవ ఊరు దాటి పాకింది. కుక్కలు, దూడలు, ఒకసారి ఒక మేక, అన్నీ మా వాకిట్లోకి వచ్చేవి. ఆవిడ మంచం మీద కూర్చుని కొబ్బరిచిప్పలో నూనె పోసి ఇచ్చేవారు. "రాయండి. నీళ్లు మటుకు తగలనివ్వకండి" అని చెప్పేవారు. ఆ రెండో మాట ఎవరిది? ఏడాదంతా కడిగి, చవుడు పెట్టి, మాటలు పడి, నేను సంపాదించిన అనుభవం అది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"నీళ్లు తగలనివ్వకూడదన్నది నా వల్ల తెలిసిన సంగతండి."

"కాదన్నానా? నువ్వలా కడక్కపోతే నాకెలా తెలిసేది?" అన్నారు ఆవిడ చాలా ప్రశాంతంగా.

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేకపోయాను. దెప్పిపొడుపుగానే లెక్క వేసుకున్నాను. ఆ క్షణాన మంచం కిందనుంచి టకటక వినిపించి ఉలిక్కిపడ్డాను. మా అత్తగారూ ఉలిక్కిపడ్డారు. ఇద్దరం ఒకేసారి వంగి చూశాం, తలలు ఠంగున కొట్టుకున్నాయి. దురద కాదు, మా గొంతులు విని అది తోక ఆడిస్తోంది. లేచి నా దగ్గరికి వచ్చింది, నా చెయ్యి నాకింది, వెళ్లి మళ్లీ ఆవిడ మంచం కిందే పడుకుంది.

తల తగిలింది ఆవిడ తొందరపాటు వల్లే. అది కూడా ఆవిడ ఒప్పుకోలేదు.